జీవమ్మ బిళ్ల

దొర వేలు చాపి ఆడవాళ్లను ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు.

వేలు తన ముందుకు వచ్చేసరికి జీవమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. సంతలో ఎద్దులను అలా లెక్కపెట్టడం ఆమె చూసింది. మనుషులను లెక్కపెట్టడం చూడలేదు.

"కొంగు తియ్యి అత్తా, దొర సూస్తాండాడు," అని పక్కనున్న కోడలు రాహేలమ్మ నవ్వు ఆపుకుంటూ గొణిగింది.

"సూడనీలే. వేలు పెట్టి ఎంచితే మనుషులు తగ్గిపోతారే."

దొర తన పుస్తకంలో అంకె వేసుకున్నాడు. పంతొమ్మిది.

ముప్పైతొమ్మిదో సంవత్సరం మాఘమాసపు మాట ఇది. కోయిలకుంట్ల దారిలో, కుందూ ఏటి ఒడ్డున ఉన్న ఆ ఆసుపత్రి ఒక పరదేశ వైద్య సంఘానిది. ఆ సంఘానికి నాలుగు ఖండాల్లో ఆసుపత్రులున్నాయి. ఎన్ని మంచాలకు ఎంతమంది ఆయాలుండాలో, ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసేయాలో ఓడ మీద వచ్చే కాగితాలే చెప్పేవి. ఆ కాగితాలు రాసేవాళ్లలో కుందూ నీళ్లు తాగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆసుపత్రి హాజరు పట్టీలో ఆయాల పేర్లు పన్నెండే. పని చేసేది మాత్రం పంతొమ్మిది మంది. ఒకరికి కాన్పయితే ఆమె ఆడబిడ్డ, ఒకరికి నడుము పట్టేస్తే ఆమె కోడలు, అలా బదిలికి వచ్చినవాళ్లు నిలిచిపోయారు. ఎవరు వచ్చినా పట్టీలోని పేరుకే పలికేవారు. రాహేలమ్మ ఆరేళ్లుగా "జీవమ్మా" అని పిలిస్తే "ఉండానప్పా" అంటోంది. గుమాస్తా బసవరాజుకు ఇదంతా తెలుసు. పని జరిగిపోతోంది కదా అని ఊరుకున్నాడు.

తనిఖీకి దొర వచ్చే దినం అందరూ రావాలన్నది రాహేలమ్మ మాటే. "సముద్రాలు దాటి పెద్దమనిషి వస్తాంటే సగం మందిమి ఇంట్లో కూసుంటే ఏం మర్యాద?" అంది. పంతొమ్మిది మందీ చీరలు ఉతుక్కుని, తలంటుకుని, బంతిపూల దండ పట్టుకుని వరుసగా నిలబడ్డారు. దొర దండ వేయించుకున్నాడు. మనుషులను లెక్కపెట్టుకున్నాడు. వెళ్లిపోయాడు.

ఉగాది దాటాక కాగితం వచ్చింది. మీ ఆసుపత్రి మంచాలకు పన్నెండు మంది చాలు, పంతొమ్మిది మంది ఉన్నారు, కాబట్టి ఏడుగురిని తీసేయండి అని అందులో ఉంది.

బసవరాజు పట్టీ తెరిచి పన్నెండు పేర్లలో ఏడు కొట్టేశాడు. ఐదు మిగిలాయి.

"ఏమప్పా బసవరాజప్పా, నీకు ఎక్కాలు రావా?" అని మీదికి పోయింది మాబూబీ. ఆమెది మిగిలిన ఐదు పేర్లలో ఒకటి. అయినా ముందు అరిచింది ఆమే. "ఉండేదే పన్నెండు మందిమి. దొర పన్నెండు మందిని ఉంచమంటే నువ్వు ఐదుగురిని ఉంచుతావా?"

"నాకు తెల్దా మాబూ? పన్నెండే అని రాస్తే, ఆ దినం నిలబడిన పంతొమ్మిది మంది ఎవరని అడుగుతారు. మారుపేరుతో పని చేసినారంటారు. మీరూ పోతారు, నేనూ పోతా. దొర కాగితం ఓడెక్కి వచ్చిందమ్మా. దాన్ని ఎవరు తిప్పి పంపుతారు?"

తన మర్యాద ఏడు ఇళ్ల పొయ్యిలు ఆర్పిందని రాహేలమ్మకు అప్పుడు తెలిసింది.

ఐదుగురికీ మెడలో వేసుకోవడానికి ఇత్తడి బిళ్లలు చేయించారు. బిళ్ల లేనివాళ్లను లోపలికి పోనివ్వొద్దని కావలి పుల్లయ్యకు హుకుం అయింది. జీవమ్మ బిళ్లను అత్తాకోడళ్లు పంచుకున్నారు. పొద్దున అత్త వేసుకుని పోతుంది. మధ్యాహ్నం గేటు దగ్గరికి వచ్చి కోడలి మెడలో వేస్తుంది. పేరు ఒకటే, మెడలు రెండు.

వైశాఖంలో బావులు అడుగంటాయి. కలరా వచ్చింది. మంచాలు నిండాయి, వరండా నిండింది, వేపచెట్ల కింద చాపలు పరిచారు. రోగులకు కావలసిందల్లా కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు, నోట్లో చెంచాతో పోసే ఒక మనిషి. నీళ్లు తోడడానికి, కాచడానికి, పోయడానికి, ఎత్తి పారేయడానికి, మైల గుడ్డలు ఉడకబెట్టడానికి ఐదుగురే.

ఒకనాడు మధ్యాహ్నం రాహేలమ్మ గేటు దగ్గరికి వచ్చేసరికి అత్త అక్కడ లేదు. నిలబడింది. నీడ కాళ్ల కిందికి వచ్చింది, అవతలికి సాగింది. వరండా మీద "నీళ్లు, నీళ్లు" అని ఎన్నో గొంతులు. వాటిలో ఒక గొంతు దగ్గర ఆమె చెవి ఆగిపోయింది.

"పుల్లన్నా, అది మా అత్త. ఇడ్సన్నా, ఒక్క లోటా తాపి వచ్చేస్తా."

"బిళ్ల యాడుండాది పాపా?"

"ఆమె మెడలోనే ఉండాది కదన్నా!"

"బిళ్ల ల్యాకుండా ఇడిస్తే నా పని పోతాది తల్లీ. నలుగురు పిల్లోళ్లు నాకు." పుల్లయ్య ఆమె మొహం చూడలేక గేటు కమ్మీల వైపు చూస్తూ అన్నాడు.

గేటు తీసినప్పుడు బయటికి వచ్చింది మాబూబీ. చేతిలో బిళ్ల ఉంది. కడిగిన తడి ఇంకా దాని మీద ఆరలేదు.

"అత్త పాయనే రాహేలూ." మాబూబీ బిళ్లను ఆమె చేతిలో పెట్టింది. "పొద్దున పనిలోనే వాంతులు పట్టుకునె. నేను మూడుమార్లు ఆమె పక్కనుంచే పోతి. మూడుమార్లూ చెయ్యెత్తె. చేతిలో కడవ, అవతల ఒగరు కండ్లు తేలేసినారు. వచ్చి ఇస్తాలే అనుకుంటి. నాలుగోతూరి పోతే చెయ్యి లేయలే."

ఏళ్ల తరబడి ఆసుపత్రికి నీళ్లు మోసిన ఆడమనిషి ఒక చెంచా నీళ్లు అందక చనిపోయింది. నీళ్లు లేక కాదు. పోసే చెయ్యి లేక. ఆ చెయ్యి గేటు బయట కమ్మీలు పట్టుకుని ఉంది.

సాయంత్రం మట్టి చేసి వచ్చాక బసవరాజు రాహేలమ్మను పక్కకు పిలిచాడు. చెడ్డవాడు కాదు, మెల్లగానే చెప్పాడు. "బిళ్ల నీ దగ్గరే పెట్టుకో. సచ్చిపోయిందని రాస్తే ఆ పేరు కొట్టేస్తారు, ఇంకొక పేరు ఇయ్యరు. నలుగురే అవుతారు. రేపట్నుంచి నువ్వే జీవమ్మ. ఆరేండ్లు పలికినదానివే కదా!"

రాహేలమ్మ బిళ్ల తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు. అయినా అక్కడున్నది తన పేరు కాదని తెలుసు. మెడలో వేసుకుంటే తిండి ఉంటుంది. వేసుకుంటే పట్టీలో అత్త చావలేదు. చావని మనిషికి ఎవరు జవాబు చెబుతారు?

మరునాడు మైల గుడ్డలు ఉతికే కుందూ బండల దగ్గర పద్దెనిమిది మందీ కూడారు. డోలీ మోసే సుంకప్ప కూడా వచ్చాడు. అతను ఒకప్పుడు ఆదోనిలో పత్తి మిల్లులో పని చేసి, సమ్మెలో దెబ్బలు తిన్నవాడు.

"పని నిలపండి," అన్నాడు. "ఒక్క దినం నిలిపితే దొరల గుండె ఆగిపోతాది."

"దొరల గుండె తర్వాత, ముందు మనోళ్ల గుండెలు ఆగిపోతాయి," అంది మాబూబీ. "మిల్లులో నిలిపితే పత్తి పండుకోనుంటాది. ఈడ పండుకోనుండేది మనుషులప్పా. కంబన్న పెండ్లాం వరండాలో ఉండాది. మా పెద్దమ్మ ఉండాది."

"అయితే ఏం జేస్తారు? ఏడ్సుకుంటా కూసుంటారా?"

రాహేలమ్మ లేచింది. "ఆ దినం అందరమూ పోదామంటి. నా మాట ఇని చెడిపోతిరి," అంది. "ఇప్పుడు గూడా అదే చెప్తాండా. అందరమూ పోదాం. పని నిలిపేదానికి కాదు, పని చేసేదానికి. బిళ్లలు లేకుండా. ఎవరి పేరుకు వాళ్లు పలుకుదాం."

"మారుపేరని జైల్లో ఏస్తారే," అంది ఒకామె.

"మారుపేరుతో బతికితే ఏం బాగుపడినామక్కా? దొర లెక్కలో మనం ఎక్కువైపోతిమి. మా అత్త పక్కన ఒక్కరమన్నా లేకపోతిమి."

తెల్లవారి హాజరు వేళకు పద్దెనిమిది మందీ గేటు దగ్గర నిలబడ్డారు. మాబూబీ, మిగతా ముగ్గురూ తమ బిళ్లలు తీసి పుల్లయ్య బల్ల మీద పెట్టారు. బసవరాజు పట్టీ తెరిచాడు.

"జీవమ్మా."

ఎవరూ పలకలేదు.

"జీవమ్మా!" తలెత్తి కళ్లతోనే బతిమాలాడు. పలుకు తల్లీ, అన్నట్టు.

రాహేలమ్మ ముందుకు వచ్చి అత్త బిళ్లను పట్టీ మీద పెట్టింది. "జీవమ్మ సచ్చిపాయప్పా. మొన్న మధ్యాన్నం, మీ వరండాలో, నీళ్లు అడిగి సచ్చిపాయ. నేను రాహేలమ్మను. ఆరేండ్లుగా ఈడ పని చేస్తాండా. నా పేరు రాసుకో."

"నా పేరు పీరమ్మ."

"నాగలక్ష్మమ్మ."

"మదార్ బీ."

బదిలికి వచ్చినవాళ్లు ఆ గేటు దగ్గర తమ పేరు తాము చెప్పుకోవడం అదే మొదలు. కొందరు రెండోసారి గట్టిగా చెప్పారు. పుల్లయ్య గేటు తాళం తీసి, తన కావలి బిళ్ల కూడా బల్ల మీద పెట్టి, పక్కకు జరిగాడు.

ఆ పూట ఆసుపత్రిలో నీళ్లడిగినవాళ్లకు నీళ్లందాయి. అంతకన్నా ఏమీ జరగలేదు. అంత మాత్రం జరగడానికే పోలీసులను పిలిపించారు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వాళ్లు దిగారు. అక్రమంగా చొరబడ్డారని, మారుపేరుతో పని చేశారని నేరం. ఆడవాళ్లను బయటికి నెడుతుంటే కంబన్న అడ్డం వచ్చాడు. అతని పెళ్లాం ఆ ఉదయమే కళ్లు తెరిచింది.

"ఏమప్పా, వీళ్లను తోలుకపోతే నా పెండ్లానికి నీళ్లు నువ్వు తాపుతావా?"

"పక్కకు జరుగురా!"

కంబన్న పక్కకు జరిగాడు. పక్కనున్న కడవ ఎత్తుకున్నాడు. వేపచెట్ల కింద కూర్చున్న రోగుల తాలూకువాళ్లు ఒక్కొక్కరే లేచారు. తలా ఒక కడవ, బిందె, లోటా పట్టుకుని వరండా మెట్ల మీద బారుగా నిలబడ్డారు. "మా పేర్లు గూడా రాసుకో బసవరాజప్పా," అని ఎవరో అరిచారు. బసవరాజు పట్టీలో కొత్త పుట తీశాడు.

గేటు బయట హెడ్డు కానిస్టేబులు వేలు చాపి ఆడవాళ్లను లెక్కపెట్టాడు. "పద్దెనిమిది," అని కాగితం మీద వేసుకున్నాడు. "నీ పేరేం?"

"రాహేలమ్మ. నువ్వు ఎంచింది సరిపోయిందప్పా, పద్దెనిమిదే. పంతొమ్మిదో ఆమె సచ్చిపాయ. అది గూడా రాయి."

"సచ్చినోళ్లకు దీంట్లో గడి లేదు."

రాహేలమ్మ సంకెళ్ల చేతులతోనే కొంగు తలమీదికి లాక్కుంది, అచ్చం అత్త లాక్కున్నట్టే.

"అయితే గడి గీయప్పా," అంది.