ఏడువందల గ్రాములు

బిక్షమ్మ మనవరాలు స్వర్ణకు మూడేళ్లు నిండాయి. తూకం మాత్రం తొమ్మిది కిలోల దగ్గర మొండికేసింది. పుణెకు మట్టిపనికి పోయిన తల్లిదండ్రులు, అక్కడ పిల్లకు విరేచనాలు పట్టుకుని ఒళ్లు లాగేస్తే, ఊళ్లో అవ్వ దగ్గర దింపి మళ్లీ బస్సెక్కారు. పాలమూరు పల్లెల్లో ఇదేం కొత్త కథ కాదు.

అంగన్‌వాడీ టీచర్ మెర్సీకి మాత్రం ఆ పిల్లంటే ప్రాణం. గుడ్డు చిదిమి తానే నోట్లో పెట్టేది. హాజరు పిలిస్తే "ఉన్న" అనడం వారంలో నేర్చుకున్న పిల్ల, రెండో నెలకల్లా ఆ ఒక్క మాటా మానేసింది. ఆటలకు లేవదు, గోడకు ఆనుకుని కూర్చుంటుంది, గుడ్డు సగమే తింటుంది. తల్లి కోసం బెంగ పెట్టుకుందనుకుని మెర్సీ పుణెకు ఫోన్ చేసింది.

"శనివారం బస్సెక్కుత అక్కా. పని పోతె పోనీ. బిడ్డను పెద్ద దవాఖానల సూపిస్త," అంది తల్లి మణెమ్మ.

శుక్రవారం తూకాల రోజు. తొమ్మిది కిలోల ఏడువందలు! మెర్సీ పిల్లను దించి మళ్లీ ఎక్కించింది. అంతే వచ్చింది. బుగ్గలు నిండాయి, పాదాలు బొద్దుగా ఉన్నాయి. రెండు నెలల చాకిరీకి దేవుడు కరుణించాడనుకుంది. శిక్షణలో నేర్పిన పని ఒకటుంది. పాదాల మీద బొటనవేలితో నొక్కి మూడు లెక్కపెట్టాలి. గుంట అలాగే ఉండిపోతే ఒంటికి నీరు పట్టినట్టు, ఆ రోజే దవాఖానకు పంపాలి. బక్క పిల్లలందరికీ నొక్కి చూసే మనిషి, ఒళ్లు చేసిన పిల్లకు ఎందుకని వదిలేసింది. సంతోషం కూడా కళ్లకు గంతలు కడుతుంది మరి.

బిక్షమ్మ మనవరాలికి దిష్టి తీసింది. మెర్సీ మళ్లీ ఫోన్ అందుకుంది.

"మణెమ్మా, ఫికర్ జెయ్యకు. పిల్ల మంచిగ తేరుకుంది. పని చెడగొట్టుకోకు, దసరకు రాపో."

మణెమ్మ ఆగిపోయింది.

బుధవారానికి స్వర్ణ ముఖం కళ్లు తెరవలేనంతగా ఉబ్బింది. అప్పుడు నొక్కింది మెర్సీ. వేలు తీసినా గుంట పూడలేదు. ఆటో కట్టించుకుని మహబూబ్‌నగర్ ఉరికింది. ముందే తేవాల్సిందన్నారు డాక్టర్లు. రెండు రోజులు కూడా నిలవలేదు పిల్ల. తల్లి వచ్చేసరికి మట్టి చేయడం ఒక్కటే మిగిలింది.

మూడో రోజు మెర్సీ బిక్షమ్మ ఇంటికి పోయింది. తిడతారని, కొడతారని, ఏమన్నా పడదామని పోయింది. మణెమ్మ మాత్రం చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిన్ను మర్వ అక్కా. ఆఖరికన్న నా బిడ్డ కడుపునిండ తిన్నది. జర ఒళ్లు జేసి పోయింది."

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ మెర్సీ చెప్పేసింది.

"అది ఒళ్లు కాదు చెల్లే. నీరు. ఆ రోజు కాళ్లు నొక్కి చూస్తె తెలుస్తుండె. నేను చూడలె."

మణెమ్మ పట్టుకున్న చేయి మెల్లగా వదిలింది.

"టికెట్ గూడ దీసుకుంటి అక్కా. నువ్వు వద్దంటెనే ఆగిన."