బయటి గొళ్లెం

గెలిచాను. ఫలితం వచ్చిన దగ్గర్నుంచీ ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, అయినా నోటికి విసుగు పుట్టడం లేదు. పాలు పోసే ఆయనకి తెలిసినా మళ్లీ చెప్పాను. మా మెట్లు ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి మరీ విన్నది. ప్రమాణ స్వీకారం రోజు పొద్దున్న అద్దం ముందు జడ వేసుకుంటూ నాకు నేనే చెప్పుకుంటుంటే మా ఆయన వెనకనుంచి విని, "కౌన్సిలర్ గారూ, అద్దానికి ఓటు లేదండీ, ఇక చాలు," అన్నాడు.

"మీకేం తెలుసు? మొదటి ఓటు నాకు వేసింది ఆ అద్దమే," అన్నాను.

ఆయన ప్లంబరు. నేను మార్కెట్లో బకెట్లు, మగ్గులు, చీపుర్లు అమ్ముతాను. నా పక్క కొట్టు మా అత్తయ్యది, ఉల్లిపాయలు. నేను గెలిచానని కబురు తెలిసిన రోజు మార్కెట్ మార్కెట్టంతా ఈలలు, కేకలు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పారు, ఆ తిప్పడంలో ఒక చెప్పు ఎటో పోయింది. ఒంటి చెప్పుతో వెళ్లి అత్తయ్య ముందు నిలబడితే, ఆవిడ ఉల్లిపొట్టు దులుపుకుంటూ నన్ను ఎగాదిగా చూసి, "సర్లే, ఆ రెండో చెప్పు వెతుక్కో ముందు," అంది. అంతే! పెదవి చివర ఓ చిన్న నవ్వు కనిపించింది కాబట్టి బతికిపోయాను గానీ, లేకపోతే అక్కడే కూర్చుని ఏడ్చేసేదాన్ని.

అసలు నేను ఎన్నికల్లో నిలబడిందే ఆవిడ కోసం. ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను.

మా మార్కెట్లో కొట్లు పెట్టుకున్న ఆడవాళ్లకి ఒక విద్య ఉంది. పొద్దున్న ఇంట్లో గుక్కెడు నీళ్లు తాగి బయల్దేరతారు, మళ్లీ ఇంటికి చేరాకే నీళ్లు. మధ్యలో నాలుక పిడచగట్టుకుపోతే పెదాలు తడుపుకుని ఊరుకుంటారు. కొత్తగా కొట్టు పెట్టిన పిల్లకి తూకం కంటే ముందు నేర్పేది ఇదే. "సీసా తెచ్చుకోకే, కళ్ల ముందుంటే తాగబుద్ధేస్తుంది," అని పెద్దవాళ్లు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్తారు. నాకూ అత్తయ్యే చెప్పింది. తాగితే ఎక్కడికి వెళ్లాలి? మగాళ్లకేం, గోడ వెనక్కి వెళ్లొస్తారు.

పోనీ ఆడవాళ్లకి లేదా అంటే, ఉంది! మార్కెట్ వెనక గోడకి ఆనుకుని నిక్షేపంలాంటి మరుగుదొడ్డి ఉంది. కట్టారు, రంగు వేశారు. అప్పటి కౌన్సిలర్ వచ్చి రిబ్బను కత్తిరించి ఫొటో దిగాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు రిబ్బను బాబాయి. వీధిలో కొత్త బల్ల వేసినా, దీపం మార్చినా, గుంట పూడ్చినా కత్తెర పట్టుకుని తయారయ్యేవాడు. ఫొటో దిగిన సాయంత్రమే ఆ తలుపుకి తాళం పడింది. ఇదేమిటని అడిగితే నీటి కనెక్షన్ రాలేదన్నారు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా అదే పాట.

పోయిన ఎండాకాలం అత్తయ్య ఉల్లిపాయల బస్తా మీదే ఒరిగిపోయింది. ఆస్పత్రికి ఎత్తుకెళ్లాం. డాక్టరమ్మ మా అందరి మీదా కేకలేసింది. "ఈవిడ రోజంతా నీళ్లు తాగుతూనే ఉండాలి. ఇంకోసారి ఇలా తీసుకొస్తే కిడ్నీల మీద నేను ఆశ వదులుకోవాల్సిందే," అంది. అత్తయ్య బుద్ధిమంతురాలిలా తల ఊపి, గది దాటగానే నా చెవిలో, "ఆవిడకేమే, పక్కనే బాత్రూం ఉంది," అంది. మర్నాడు మళ్లీ కొట్లో కూర్చుంది. గొంతు పొడారిపోయి, పెదాలు తడుపుకుంటూ, బేరాలాడుతూ.

అసలే నాకు ముక్కు మీద కోపం. ఆ రోజు అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా వెళ్లి నామినేషన్ వేసొచ్చాను. గెలిస్తే ప్రమాణం చేసిన రోజే ఆ తాళం తీయిస్తానని మార్కెట్ నడిబొడ్డున బల్ల ఎక్కి చెప్పాను. మగాళ్లు కిసుక్కున నవ్వారు. రిబ్బను బాబాయి అయితే నా వెనక నన్ను బాత్రూం అభ్యర్థి అని పిలిపించాడు. ఆయన మనుషులు మైకులో కూడా ఆ పేరే అన్నారు. అనుకోనీ! ఆ పేరు విన్న ప్రతి ఇంట్లోనూ ఒక ఆడది ఉంటుందని పాపం ఆయనకి తట్టలేదు.

సరే, ప్రమాణ స్వీకారం. హాల్లో పెద్ద పెద్ద ఫ్యాన్లు, మెత్తటి కుర్చీలు. నా పేరు పిలిచినప్పుడు కాళ్లు నేలకి ఆనలేదంటే నమ్మండి. గొంతు వణుకుతుందని భయపడ్డాను గానీ, రోజూ సందంతా వినపడేలా బకెట్లు అమ్మిన గొంతు అది, వణకడం దానికి చేతకాదు. మైకు అక్కర్లేకుండానే ఆఖరి వరుసదాకా వినపడింది. పైన గ్యాలరీలో మా చేపలక్క లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, పక్కవాళ్లు కూర్చోమంటే వాళ్లనీ లేపింది. ఆవిడ మార్కెట్లో మాకు ఎదురు కొట్టు. నా కోసం గడప గడపా తిరిగిన మనిషి.

బయటికి రాగానే ఎవరో పూలగుత్తులు చేతిలో పెట్టారు, ఎవరో భోజనానికి రమ్మన్నారు. అన్నీ చేపలక్కకి అప్పజెప్పి మార్కెట్ ఆఫీసుకి నడిచాను. మా ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గరే కాచుకుని ఉన్నాడు.

సూపరింటెండెంటు లేచి నిలబడ్డాడు. పోయిన నెలదాకా నన్ను "ఏయ్ బకెట్లమ్మా, సరుకు లోపలికి జరుపు" అన్న మనిషి! చేత్తో కుర్చీ తుడిచి, "రండి మేడమ్, కూర్చోండి మేడమ్," అన్నాడు. ఎంత హాయిగా ఉందో చెప్పకపోతే అబద్ధమాడినట్టే. కావాలనే కాసేపు కూర్చోకుండా నిలబడ్డాను.

"తాళంచెవి ఇవ్వండి," అన్నాను.

ఆయన నీళ్లు నమిలాడు. "ఇస్తాం మేడమ్, ఎక్కడికి పోతుంది? కాకపోతే మీ హయాంలో మొదటి పని కదా, కాస్త ఘనంగా చేద్దాం. ఛైర్మన్ గారి తీరిక కనుక్కుని, ఓ చిన్న సభ పెట్టి, రిబ్బనూ అదీ..."

"రిబ్బనా?" అన్నాను. నా గొంతు విని మా ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయనకి అనుభవం ఉంది. "ఒకసారి రిబ్బను కత్తిరించిన తలుపుకి మళ్లీ రిబ్బనేమిటండీ? మీరేమో ఇక్కడ కూర్చుని మీనమేషాలు లెక్కపెడుతుంటారు, అక్కడ మా అత్తయ్య కిడ్నీలు ఛైర్మన్ గారి తీరిక కోసం ఆగుతాయా? చెవి ఇస్తారా, తలుపు పగలగొట్టమంటారా?"

ఇచ్చాడు. తాళం తుప్పుపట్టి మొరాయించింది. మా ఆయన నూనె పోసి, బతిమాలి, తిట్టి, చివరికి సుత్తితో ఒక్కటిస్తే నోరు తెరిచింది. అప్పటికే మార్కెట్లో సగం ఆడవాళ్లు కొట్లు పక్కవాళ్లకి అప్పగించి వచ్చేశారు. తలుపు తోసి చూద్దుము కదా, లోపలంతా రిబ్బను బాబాయే! నిలువెత్తు ఫ్లెక్సీలు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, మైకు స్టాండ్లు, ఓ అట్టపెట్టె నిండా ఎర్ర రిబ్బను చుట్టలు. ఆయన నమస్కారం పెడుతున్న ఫ్లెక్సీ ఒకటి జారి చేపలక్క మీద పడింది.

"అయ్యో బాబాయ్, ఇన్నాళ్లూ ఇందులో ఉన్నావా? చెప్తే ముందే తలుపు తీసేవాళ్లం కదయ్యా!" అందావిడ. నవ్వలేక చచ్చాం.

నా కొట్లోంచి బకెట్లు, చీపుర్లు, బ్రష్షులు తెప్పించాను. ఎవరికి దొరికింది వాళ్లు అందుకున్నారు. మా ఆయన గోడ వెంబడి పైపు తడుముకుంటూ వెళ్లి, వెనక రాతి పలక కింద నుంచి కేకేశాడు. "కనెక్షన్ లేదని ఎవరన్నారు? వాల్వు కట్టేసి ఉందంతే!" అంటూ తిప్పాడు. కుళాయి దగ్గి, గురక పెట్టి, ఎర్రటి నీళ్లు కక్కి, ఆ తర్వాత తెల్లగా ధారకట్టింది. మార్కెట్ పైకప్పు ఎగిరిపోయేలా అరిచాం. నేను తడిసి ముద్దయ్యాను, ప్రమాణ స్వీకారం కోసం కొన్న కొత్త చీరతో సహా. ఫలితం రోజున కూడా నాకు ఇంత సంబరం కలగలేదు.

అదే ఊపులో టీ కొట్లో సీసా నిండా మంచినీళ్లు పట్టుకుని, గ్లాసు పుచ్చుకుని అత్తయ్య కొట్టుకి పరిగెత్తాను. అందరూ వచ్చినా ఆవిడ మాత్రం కొట్టు కదల్లేదు. గ్లాసు నింపి చేతికిచ్చాను.

"తీశాం అత్తయ్యా! నీళ్లొస్తున్నాయి, అద్దంలా కడిగాం. తాగండి."

ఆవిడ గ్లాసు వైపు చూసింది. ఎండిన పెదాలు ఒకసారి తడుపుకుంది. తర్వాత గ్లాసు తీసి బస్తాల పక్కన పెట్టేసింది.

"ఇప్పుడొద్దులే."

"ఎందుకొద్దు? మీ కోసమేగా ఇదంతా!"

"నా కోసమేలే, తెలుసు. బాగా చేశావు." అత్తయ్య కళ్లు దించుకుని ఉల్లిపాయలు సర్దసాగింది. "కానీ అమ్మాయ్, రేపు మళ్లీ తాళం వేశారనుకో. వెయ్యరని నువ్వు రాసివ్వగలవా? తాగకుండా ఉండటం నేను ఏడ్చి ఏడ్చి నేర్చుకున్నానే. చిన్నప్పుడంటే ఒళ్లు మాట విన్నది. ఈ అలవాటు ఒకసారి తప్పితే ఈ వయసులో మళ్లీ నేర్చుకోలేను. మీ రిబ్బను బాబాయి తీసిన రోజు కూడా తాగాన్నేను. పేరంటానికి పిలిచినట్టు పిలిస్తే, నవ్వుకుంటూ చెంబెడు తాగాను. సాయంత్రానికి తాళం. ఆ రోజు ఇంటికెలా చేరానో నాకు తెలుసు, దేవుడికి తెలుసు."

 వెనక్కి తిరిగి చూస్తే నా వెనకే వచ్చిన చేపలక్క చేతిలోనూ గ్లాసుంది, ఆవిడా పెదాలే తడుపుకుంటోంది. నన్ను భుజాలకెత్తుకున్న ఆడవాళ్లలో ఒక్కరు కూడా గుటక వేయలేదు. నా మీద కోపమూ లేదు, అపనమ్మకమూ లేదు. వాళ్లు తలుపులు తెరుచుకోవడం ఇంతకుముందే చూశారు, అంతే. ఓట్లు నాకు వేశారు గానీ నీళ్లు తాగేంత నమ్మకం ఇంకా రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది, రెండూ కవలలు.

గిర్రున వెనక్కి వెళ్లాను. తలుపు దగ్గర సూపరింటెండెంటు నిలబడి ఉన్నాడు, చేతిలో తళతళలాడే కొత్త తాళం. చేటంత మొహం చేసుకుని, "పాతది పాడైపోయింది కదా మేడమ్, కొత్తది తెప్పించా. మార్కెట్ కట్టేశాక వేసేస్తాం, పొద్దున్నే తీసేస్తాం. భద్రత కోసం," అన్నాడు.

అప్పుడు చూశాను ఆ తలుపుని. బయట ఇంత లావు గొళ్లెం. అది ఉన్నంతకాలం ఎవడో ఒకడు తాళం పట్టుకుని వస్తూనే ఉంటాడు. రేపు నేను ఓడిపోవచ్చు, ఈయన బదిలీ అయిపోవచ్చు, కత్తెరతో ఇంకో బాబాయి రావచ్చు.

"ఏమండీ," అని పిలిచాను. "ఇనుం కోసే రంపం ఉందా?"

మా ఆయన నా మొహం చూశాడు, గొళ్లెం చూశాడు. మారుమాట లేకుండా రంపం తీశాడు.

"మేడమ్, మేడమ్! అది ప్రభుత్వ ఆస్తి!" సూపరింటెండెంటు అడ్డం వచ్చాడు.

"నేను కూడా పొద్దున్నుంచీ ప్రభుత్వమేనండీ. జరగండి. ఎవరైనా అడిగితే కౌన్సిలర్ దగ్గరుండి కోయించిందని చెప్పండి, కావాలంటే పెద్దక్షరాలతో రాసుకోండి. లోపలి గడియ ఉంటుంది, వెళ్లినవాళ్లు వేసుకుంటారు. బయటినుంచి వేసేది మాత్రం ఈ తలుపుకి ఇక ఉండదు."

రంపం కీచుమంది. మొదట మా ఆయన కోశాడు, తర్వాత నేను లాక్కుని కోశాను, తర్వాత చేపలక్క నన్ను పక్కకి నెట్టి కోసింది. చేపలు కోసిన చేయి, ఇనుమైనా లెక్కచేయలేదు. గొళ్లెం ఠంగుమని కింద పడింది. కొత్త తాళం చేతిలో పట్టుకుని సూపరింటెండెంటు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో వేసుకున్నాడు.

ఇంకా వేడిగా ఉన్న ఆ ఇనప ముక్కని చీర కొంగుతో పట్టుకుని మార్కెట్ మధ్యగా నడిచాను.  అత్తయ్య ముందు నిలబడి దాన్ని ఆవిడ తక్కెడలో పడేశాను. పళ్లెం ధభాలున కిందికి దిగింది.

"రాసివ్వమన్నారుగా," అన్నాను. "ఇదిగో."

అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది, కోసిన అంచుని వేలితో తడిమింది. నా వైపు చూడలేదు. దాన్ని బస్తా పక్కన పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, ఇందాకటి గ్లాసు అందుకుంది. ఎత్తి, ఆపకుండా, గటగటా తాగేసింది. గొంతు కదలడం నేను చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్లలో కొట్లో పగటిపూట ఆ గొంతు నీళ్లకి కదలడం చూడ్డం నాకదే మొదలు.

గ్లాసు దించి, మూతి తుడుచుకుని, నా ముందుకి చాపింది.

"ఇంకోటి పొయ్యి."

పోశాను. తొందరలో సగం నేల పాలైంది, ఆవిడ కోప్పడింది. నా వెనక చేపలక్క గ్లాసు ఖాళీ అయింది. ఆ తర్వాత అటుపక్క ఆకుకూరల ఆవిడది, గాజుల ఆవిడది. నీళ్లు తాగుతున్న చప్పుడు వరస పొడుగునా వినపడుతుంటే నేను నిస్సిగ్గుగా ఏడ్చాను. మా ఆయన రంపం సంచీలో పెడుతూ, "కౌన్సిలర్ గారూ, ఇప్పుడు గెలిచారు," అన్నాడు.

కాసేపటికి అత్తయ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. ఎవరినీ చూడకుండా, ఎవరికీ చెప్పకుండా, వెనక గోడ వైపు తాపీగా నడిచి వెళ్లింది. మార్కెట్టంతా ఆవిడ వైపు చూడనట్టు నటించింది. నేను వెళ్లి ఆవిడ పీట మీద కూర్చున్నాను.

సంచీ పట్టుకుని ఒకాయన హడావిడిగా వచ్చాడు. "ఉల్లిపాయల కొట్టు ఆవిడ ఏరమ్మా? రోజూ కదలకుండా ఇక్కడే ఉంటుందే?"

"బాత్రూంకి వెళ్లారు," అన్నాను, సందంతా వినపడేలా. "వస్తారు. తొందరేముంది, కూర్చోండి."