కుక్కకు వేసే తిల్లి

మేక పొట్టకు ఎడమవైపు అతుక్కుని ఉన్న తిల్లిని బొటనవేలితో పీకి, చూడకుండానే వెనక్కి విసిరాడు బాలేష్. నల్లకుక్క దాన్ని నేల మీద పడనివ్వలేదు. ఇబ్రహీంపట్నంలో మల్లేశయ్య మటన్ దుకాణం ఏళ్ల తరబడి ఇలాగే తెల్లవారుతోంది. ఈ కుక్క కాకపోతే దీని తల్లి. కార్జానికి ధర ఉంది, గుండెకాయకు ధర ఉంది, చివరికి కాళ్లకూ తలకాయకూ ధర ఉంది. ఆ ఊదారంగు ముక్కకు మాత్రం లేదు. అడిగినవాళ్లకు కొసరు, లేకపోతే కుక్కకు.

బాలేష్ పొట్టి మనిషి. మెడ లేనట్టు తల భుజాల్లోకి దిగి ఉంటుంది. గోళ్ల సందుల్లో ఏ సబ్బుకూ వదలని నెత్తురు. మేక లోపల తనకు తెలియనిది లేదని గర్వం. మేకను చదివినవాడికి మనిషొక లెక్కా అన్నది ఇంకా పెద్ద గర్వం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

రెండేళ్ల కిందట ఆదిభట్ల దారిలో స్కూటర్ జారి పడితే, కడుపులో తిల్లి, డాక్టర్ల మాటలో ప్లీహం, చితికిపోయింది. పట్నం దవాఖానలో కోసి తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఎంతో ఓపికగా చెప్పింది. సూదులు వేయించుకోవాలంది, కుక్క కరిచినా జ్వరం వచ్చినా ఒక్క పూట ఆగకుండా పరుగెత్తుకు రావాలంది. ఈ మహానుభావుడు ఆమె సన్నటి చేతులు చూస్తూ, ఇవి ఎముకేం కొడతాయని నవ్వుకున్నాడు. విన్నది భార్య నర్మద ఒక్కతే.

"కుక్కకేసేది తీసిండ్రు. గదానికి సూదులంట, గోలీలంట!" అని దుకాణంలో చెబితే అందరూ నవ్వారు. జీతం ఇచ్చే మల్లేశయ్య ఇంకా గట్టిగా నవ్వాడు.

మొన్న శుక్రవారం తొందరలో నల్లకుక్క పళ్లు అతని బొటనవేలికి గీరుకున్నాయి. మాంసం తుడిచే గుడ్డతోనే తుడుచుకున్నాడు. ఇవాళ ఆదివారం. రాత్రి నుంచి చలి. స్వెటర్ వేసుకుని మరీ కత్తి పట్టాడు.

పోశమ్మ వచ్చి అరకిలో తీసుకుంది. "బిడ్డా, తిల్లి పక్కకు వెట్టు. మనుమరాలికి రక్తం తక్కువున్నదట. కూరగాయలు దెచ్చి మళ్లొస్త."

"కుక్క నోటికాడిది గుంజుకుంటవా అవ్వా?"

"నీ నోరు పాడుగాను. వెట్టు."

ఒకటి మాంసం కొట్టే మొద్దు అంచున పెట్టాడు.

చాయ్ తెచ్చిన నర్మద అతని చెయ్యి తాకి ఉలిక్కిపడింది. "ఒళ్లు కాలుతున్నది. జ్వరమొస్తే ఆగొద్దన్నది డాక్టరమ్మ. నడువ్, దవాఖానకు పోదాం."

"గోలి ఏసుకున్నలే. గిరాకీ నీ అయ్య జూస్తడా?"

"జర ఆగు చెల్లె," అన్నాడు మల్లేశయ్య, గల్లా పెట్టె మీంచి తల ఎత్తకుండా. "రష్ తగ్గినంక నేనే పంపుత."

రష్ తగ్గలేదు. ఎండ ఎక్కేసరికి బాలేష్ చెంపల మీద వంకాయ రంగు మచ్చలు లేచాయి. ఎవరికో పక్కటెముకలు కొడుతూ, కత్తి వదిలేసి, గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు. అప్పుడు గానీ మల్లేశయ్యకు ఆటో గుర్తు రాలేదు.

ఆటోలో నర్మద ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. బొంగ్లూర్ గేటు దగ్గర కళ్లు తెరిచాడు.

"దేనికి పనికొస్తదన్నదే, గా తిల్లి?"

"ఒంట్లకొచ్చిన రోగాన్ని వట్టి చంపుతదన్నది. గది లేదని నిన్ను పైలంగుండమన్నది. నువ్వు ఇన్నవా?" నర్మదకు ఏడుపుతో పాటు కోపమూ ఆగలేదు.

బాలేష్ తన గోళ్ల సందుల్లోని నెత్తురు వంక చూశాడు.

"మ్యాకకు గూడ గట్లనేనా?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పేలోపే తల పక్కకు వాలింది. దవాఖాన మెట్ల దగ్గర స్ట్రెచర్ తెచ్చినవాళ్లు తొందరపడలేదు.

ఫోన్ రాగానే మల్లేశయ్య షట్టర్ సగం దించాడు. మిగిలిన మాంసం అమ్ముడుపోవాలి కదా, అందుకని పూర్తిగా దించలేదు. కూరగాయల సంచితో వచ్చిన పోశమ్మ సంగతి విని, అడగడానికి నోరు రాక వెనుదిరిగింది. నల్లకుక్క షట్టర్ కింద కూర్చుని మొద్దు వంకే చూస్తోంది.

మొద్దు అంచున, అతను పెట్టినచోటే, తిల్లి ఆరిపోయి నల్లబడుతోంది.