సైలెన్సర్ తీయించిన ట్రక్కు

వైద్యం మొదలైన కొత్తలోనే లవోన్‌కి పెట్రోలు వాసన గిట్టకుండా పోయింది. ఆసుపత్రి ఉన్న ఊరు దూరం. వెళ్లి వచ్చేసరికి ట్రక్కు టాంకు అడుగంటేది. ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా బంకు దగ్గర ఆగక తప్పేది కాదు. ఆమె అద్దం ఎత్తుకుని, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, అయినా ఓర్చుకోలేక తలుపు తీసి వాంతి చేసుకునేది. పంపు పట్టుకుని నిలబడ్డ ఆమె భర్త ఆర్విడ్ అటు చూసేవాడు కాదు. చూస్తే ఆమె చిన్నబోతుంది.

ఒక్క టాంకుతో పోయి రాగలిగితే చాలుననుకున్నాడు. భార్య మాట ఎత్తకుండా, ట్రక్కు సంగతిగా ఓర్లిన్‌ని అడిగాడు. ఓర్లిన్ ధాన్యం కొట్టు వెనక షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివినవాళ్లు.

ఓర్లిన్ బండి కింద దూరి సైలెన్సర్‌ని సుత్తితో తట్టాడు. "నీ బండికి ఊపిరాడటం లేదురా ముసలోడా. ముక్కు మూసుకుని పరుగెత్తి చూడు, ఎంత దూరం పోతావో. ఇది పీకేసి తిన్నగా గొట్టం పెడతాను. గ్యాలన్‌కి రెండు మైళ్లు ఎక్కువ ఇవ్వకపోతే నన్నడుగు."

"నిన్నడిగి ఏం లాభం?"

"అయితే అడక్కు."

ఆర్విడ్ సరేనన్నాడు. పీకిన సైలెన్సర్‌ని ఇంటికి తెచ్చి, గాలికి అడ్డంగా నాటిన చెట్ల వరసలో తాత నాటి విత్తనాల గొర్రు పక్కన పడేశాడు. ఆ ప్రాంతంలో ఇనుము పారేసేవాళ్లు లేరు.

మరుసటి ప్రయాణంలో ఊరి కుక్కలన్నీ వాళ్లని సాగనంపాయి. పెద్ద రోడ్డెక్కి మామూలు వేగం అందుకోగానే ట్రక్కులో ఒక రొద పుట్టింది. తేనెపట్టులో తల పెట్టినట్టుంది. లవోన్ కణత మీద అరచెయ్యి ఆనించింది. ఏదో అంది కూడా. ఆర్విడ్‌కి పెదవులు కదలడమే కనిపించింది. ఆమె చెయ్యి కణత మీదికి పోయినప్పుడల్లా యాక్సిలరేటర్ మీద అతని పాదం దానంతటదే కాస్త తేలికయ్యేది. రొద కొంచెం తగ్గేది.

ఆ రోజు బంకు దగ్గర ఆగలేదు. వాకిట్లోకి వచ్చేసరికి పెట్రోలు ముల్లు ఇంకా ఎర్రగీతకి పైనే ఉంది. ఇంజను ఆపాక కూడా ఆర్విడ్ కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ధాన్యం కొట్టులో కాఫీ బల్ల దగ్గర, "ఓర్లిన్ గొట్టం పనిచేసింది. ఆగకుండా వచ్చాం" అన్నాడు. ఆర్విడ్ నోట అది ఉపన్యాసం కింద లెక్క. ఓర్లిన్ మీసం లేని చోట మీసం దువ్వాడు.

ఆ సాయంత్రం లవోన్ బంగాళాదుంపల తొక్క తీస్తూ చెప్పింది. "మంగళవారం ఆసుపత్రికి నేను పక్కింటి జొరీన్ కారులో వెళ్తాను."

"ఎందుకు? ఆగకుండా వచ్చాంగా."

"వచ్చాం. నా తల ఇంకా ఆ రోడ్డు మీదే మోగుతోంది. వెళ్లేటప్పుడు నీకొకటి చెప్పాను, విన్నావా?"

"ఏం చెప్పావు?"

"అదీ సంగతి."

ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరూ పక్కపక్కన అంతంతసేపు కూర్చున్నది ఈ ఆసుపత్రి ప్రయాణాల్లోనే. ఇంట్లో ఉంటే అతను పొలంలో, ఆమె మంచంలో. గొట్టం ఉంచితే ఆమె బండెక్కదు. తీసేస్తే మళ్లీ బంకు, మళ్లీ వాంతి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సోమవారం కాఫీ బల్ల దగ్గర ఎవరు డబ్బులివ్వాలో తేల్చే పాచికల డబ్బా ఆర్విడ్ చేతికొచ్చింది. ఎదురుగా పాలబండి తోలే కెర్మిట్ కూర్చున్నాడు.

"ఆర్విడ్, మొన్న నీకేం తెగులోయ్? నీ వెనకపడి చచ్చాను. ఎవరో గోధుమ కోసే మిషన్ తోలుకుపోతున్నారనుకున్నా."

"మామూలుగానే పోయానే."

"మామూలా! దాటిపోతూ పలకరింపుగా రెండు వేళ్లు ఎత్తితే తిరిగి ఎత్తలేదు. రోడ్డు మానేసి ఆవిడ మొహం చూస్తున్నావు."

బల్ల చుట్టూ నవ్వారు. ఓర్లిన్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆర్విడ్ డబ్బా ఊపడం ఆపేశాడు. అంత మెల్లగా పోయానా? పోయే ఉంటాడు. పాదం ఎన్నిసార్లు తేలికయిందో ఇప్పుడు గుర్తొచ్చింది. తొందరపెడితే ఏ ఇంజనైనా ఎక్కువ తాగుతుందని, మెల్లగా పోతే తక్కువ తాగుతుందని ట్రాక్టరెక్కిన మొదటి ఏడే తెలుసు. అయినా గొట్టం ఊపిరినే నమ్మాడు. పాచికలు విసిరి, ఓడి, అందరి కాఫీకీ డబ్బులు పెట్టి లేచాడు.

చెట్ల వరసలో సైలెన్సర్ గడ్డి కింద దొరికింది. అందులో ఎలుక కాపురం పెట్టింది. దులిపి, బండి కింద పడుకుని గొట్టం ఊడదీసి, దాని చోట దీన్ని పెట్టి పట్టీలు బిగించాడు.

"రేపు జొరీన్‌ని రావొద్దను," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"మాటిచ్చాను."

"ఈ ఒక్కసారికి. దారిలో ఆగాల్సొస్తే ఆ తర్వాత ఆమెతోనే పోదువుగాని."

లవోన్ గుమ్మంలో నిలబడి చూసింది. "ఏదీ, బండి స్టార్ట్ చెయ్యి, వింటాను."

"స్టార్టయ్యే ఉంది."

మర్నాడు పెందలాడే బయల్దేరారు. వెనకొచ్చిన ప్రతి బండీ వాళ్లని దాటిపోయింది. ఆర్విడ్ ఈసారి అందరికీ రెండు వేళ్లు ఎత్తాడు. ఒక రైతు పక్కకొచ్చి అద్దం దించి, "చెడిందా?" అని అరిచాడు.

"బండి బాగానే ఉంది. మా ఆయనకే వయసొచ్చింది," అంది లవోన్.

తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి లేచింది. ముల్లు అనుకున్నదానికంటే ముందే దిగసాగింది. లవోన్ జొరీన్ కోడలి వంట గురించి చెబుతోంది. బంకు దీపాలు కనబడగానే మాట ఆపి రుమాలు తీసింది.

"ఆగుతావా?"

ఆర్విడ్ ముల్లు వైపు చూశాడు. పాదం మరికాస్త తేలిక చేశాడు. "అక్కర్లేదు."

బంకు దాటిపోయింది. ఆమె రుమాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

కొంతదూరం పోయాక అతను అడిగాడు. "ఆ రోజు వెళ్లేటప్పుడు ఏదో చెప్పానన్నావే, ఏంటది?"

"ఈ మోత నా వల్ల కాదు, ఆ గొట్టం తీయించి పారెయ్ అన్నాను."

ఆర్విడ్ తలూపాడు. వాకిట్లోకి తిరిగేటప్పుడు ముల్లు ఎర్రగీత మీద ఉంది. లవోన్ చెబుతున్న జొరీన్ కోడలి వంట కథ ఇంకా పూర్తికాలేదు. అతను ఇంజను ఆపి, అయ్యేదాకా కూర్చున్నాడు.