బొటనవేలు తీసి, బటన్ నొక్కి

జూన్ నెలలో మా జంఫీరాను కట్టెల మోపులో పాము కరిచింది. దాన్ని కొండ దించింది నేను. దించడం నాకు నేర్పింది అదే, నా కూతురే. ఈ రెండో ముక్క చెప్పాలనే మొదటిది చెబుతున్నాను.

ఆ ఏడు మే నెలలో మంద కొండెక్కినప్పుడు మాతోపాటు ఒక ఏటీవీ కూడా ఎక్కింది. అంతకుముందు పిండి బస్తాలు ఎక్కించాలన్నా, చీజు దించాలన్నా గుర్రమే. అది చలికాలంలో పోయింది. కింద లోయలో ఒక వేటగాడి దగ్గర జంఫీరా ఈ పాత నాలుగు చక్రాల బండిని తీసుకుంది. దానికి క్లచ్ లేదు, కాలితో మార్చే గేరు లేదు. ఎడమ హ్యాండిల్ మీద రెండు బటన్లు, గేరు పెంచడానికి ఒకటి, తగ్గించడానికి ఒకటి. కుడి బొటనవేలితో చిన్న మీట నొక్కితే పెట్రోలు పోతుంది. ముందు చిన్న అద్దంలో ఎన్నో గేరులో ఉందో నంబరు కనిపిస్తుంది. చంటిపిల్లల బొమ్మలాగా ఉంది, దీనికి నేర్చుకునేదేముంది అనుకున్నాను.

మొదటి రోజే దాన్ని పై మేతబీడు నుంచి కిందికి తెచ్చాను. దిగుడే కదా, పెట్రోలు దండగ ఎందుకని న్యూట్రల్‌లో వదిలేశాను. మా వైపు కార్లు నడిపేవాళ్ళందరికీ ఆ అలవాటు ఉంది. సగం దారిలో బండి నా మాట వినడం మానేసింది. బ్రేకు గట్టిగా పట్టినకొద్దీ గడ్డి మీద జారింది. పాలు పితికే దడిని చీల్చుకుని లోపలికి వెళ్ళి ఆగాను. మూడు బకెట్ల పాలు నేలపాలయ్యాయి. కుక్కలు కూడా మొరగలేదు, అలా చూస్తూ నిలబడ్డాయి.

నాతోపాటు మంద కాసే గవ్రిల టోపీ తీసి దండం పెట్టాడు. "రా పెద్దాయనా, రా. గొర్రెలు వరసలో రావడం చూశాను గానీ, వరస తప్పి వచ్చినవాణ్ణి నిన్నే చూశాను. నిన్ను కూడా పితకమంటావా?"

జంఫీరా నవ్వలేదు. నా మోచేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎముకలు బాగానే ఉన్నాయని తేలాక అడిగింది. "నాన్నా, గుర్రపు బండితో ఎర్ర దిగుడు దిగేటప్పుడు ఏం చేసేవాడివి?"

"చక్రం కింద ఇనప చెప్పు తొడిగి గొలుసుతో కట్టేవాణ్ణి."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ దిగుతుంది. లేకపోతే బండి గుర్రాల మీద పడదూ?"

"మరి ఇవాళ నువ్వు చెప్పు తీసేశావు, గొలుసు తీసేశావు, గుర్రాల్ని కూడా విప్పేసి బండిని దిగుడులోకి తోశావు. దీనికి ఒకటో గేరే ఇనప చెప్పు. దిగక ముందే ఒకటిలో వేసుకోవాలి. ఇంజనే పట్టి ఆపుతుంది."

నేను విరిగిన దడి కర్రలు ఏరడం మొదలుపెట్టాను.

మర్నాటి నుంచి సాయంత్రం పాలు పితకడం అవగానే పాఠం. నా వెనక కూర్చునేది. చేతిలో మామలిగ, అంటే మొక్కజొన్న సంకటి, తిప్పే కర్ర. నాకు ఇంకో జబ్బు ఉందని అప్పుడు తెలిసింది. గేరు మార్చేటప్పుడు కూడా పెట్రోలు వదలను. ఎగుడులో గుర్రాన్ని అదిలించడం ఆపితే వెనక్కి జారుతుందని యాభై ఏళ్ళు నేర్చుకున్న చెయ్యి అది. బటన్ నొక్కే క్షణాన ఇంకొంచెం ఎక్కువ ఇచ్చేవాణ్ణి, సాయం చేస్తున్నట్టు. బండి లోపల ఎవరో గొడ్డలితో కొట్టినట్టు చప్పుడు. వెంటనే నా భుజం మీద కర్ర.

"వేలు తియ్యి! ఇది గుర్రం కాదు నాన్నా, అదిలిస్తే అలుగుతుంది. వేలు తియ్యి, బటన్ ఒక్కసారే నొక్కు, నంబరు చూడు, అప్పుడు పెట్రోలు ఇవ్వు. నంబరు చూడకుండా ఇస్తే ఇవాళ నీకు ఊర్ద లేదు."

నిజంగానే పెట్టలేదు. చీజు తీశాక మిగిలిన నీళ్ళు కాచి చేసిన ఆ మెత్తటి ఊర్దంతా రెండు పూటలు నా కళ్ళ ముందే గవ్రిలకు వడ్డించింది. వాడు వేళ్ళు నాకుతూ, "తొందరపడి నేర్చుకోకు పెద్దాయనా, నా పొట్ట కొట్టకు," అన్నాడు.

నాకు కోపం వచ్చి రెండు వారాలు కూతురితో మాట్లాడలేదు. "మాట్లాడకపోతే మానెయ్యి, వేలు తియ్యి చాలు," అనేది. గేరు సగంలో ఇరుక్కుంటే అద్దంలో నంబరు పోయి చిన్న గీత మినుకుమంటుందని చూపించింది. అప్పుడు తాళం ఆపి మళ్ళీ తిప్పి, బండిని ముందుకీ వెనక్కీ ఊపి, ఒక్కసారి నొక్కాలి. పది సార్లు చేయించింది. ఒక్కో సాయంత్రం గంట. పగలంతా నాలుగు వందల గొర్రెలతో పాట్లు పడిన పిల్ల, ఆ గంట పడుకుని ఉండొచ్చు.

పాము కరిచిన రోజు పొద్దున పది దాటింది. జంఫీరా ఎడమ చెయ్యి, బొటనవేలి మొదట్లో రెండు చుక్కలు. ఉంగరం తీసేసేలోపే వేళ్ళు ఉబ్బాయి. గవ్రిల ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో ప్లమ్ పళ్ళ సారా సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"తాడు వద్దు, కొయ్యొద్దు," అంది జంఫీరా. పెదాలు తెల్లబడ్డాయి. "ఆ సారా నువ్వే తాగి శిఖరం మీదికి పరిగెత్తు. సిలువ దగ్గర ఫోన్ అందుతుంది. అంబులెన్సును కింద కలప కోత మిల్లు దాకా రమ్మను. నాన్న నన్ను దించుతాడు."

గవ్రిల నన్ను చూశాడు. వాడి ఎడమ చేతికి బొటనవేలు లేదు, అదే మిల్లులో పోయింది. ఉంటే తనే నడుపుతానని అనేవాడే. నా భుజం తట్టి కొండెక్కాడు. సీసా ముట్టుకోలేదు.

చెయ్యి కదలకుండా దాని ఒంటికి కట్టాను. నా ఉన్ని నడికట్టు విప్పి మా ఇద్దరినీ కలిపి చుట్టాను. కోత మిల్లుకు పన్నెండు కిలోమీటర్లు. నా ఒళ్ళంతా ఒకటే కోరిక, తొందరగా పోవాలని.

"నంబరు ఎంత, నాన్నా?" అంది వెనక నుంచి.

"ఒకటి."

"చదునే కదా, రెండు వెయ్యి."

వేలు తీశాను, నొక్కాను, చూశాను. రెండు. ఇచ్చాను. నంబరు మారినప్పుడల్లా అడిగేది, చెప్పేవాణ్ణి. ఎర్ర దిగుడు అంచుకు వచ్చి ఒకటికి దించాను. వేలు పూర్తిగా వదిలేశాను. బండి ఇంజను మీద వేలాడుతున్నట్టు, మూలుగుతూ, మనిషి నడకన దిగింది. రాళ్ళు కింద దొర్లిపోయాయి, మేము దొర్లలేదు.

దిగుడు కింద ఏరు. నీళ్ళు మోకాళ్ళ దాకా, రాళ్ళు నున్నన. మధ్యలోకి వచ్చాక నాకు తట్టింది, చాలాసేపటి నుంచి వెనక నుంచి మాట లేదని.

"జంఫీరా!"

తల నా వీపు మీద బరువుగా ఆనింది. ఒడ్డు చేరాలని మీట మొత్తం నొక్కి, ఆ నొక్కుడులోనే బటన్ నొక్కాను. లోపల గొడ్డలి దెబ్బ. చక్రాలు ఆగిపోయాయి. అద్దంలో నంబరు లేదు. గీత మినుకుమంటోంది.

నన్ను నేను తిట్టుకునే టైము కూడా లేదు. వేలు తీశాను. తాళం ఆపి, తిప్పాను. జంఫీరా పడకుండా ఒక చేత్తో వెనక్కి పట్టుకుని, కాలు నీళ్ళలోకి దించి, రాయిని తన్నిపెట్టి ఊపాను. ముందుకి, వెనక్కి, ముందుకి. ఒక్కసారి నొక్కాను. అద్దంలో ఒకటి వచ్చింది.

"ఒకటి!" అని అరిచాను. ఎవరూ అడగలేదు. ఒడ్డెక్కి, "రెండు!" అని అరిచాను. అడవి దారి చదునయ్యాక, "మూడు! జంఫీరా, మూడు!" అని అరుస్తూనే ఉన్నాను. నా జీవితంలో అంత మాట్లాడలేదు.

మిల్లు పొగ కనబడ్డాక నా వీపు మీద సన్నగా మాట వచ్చింది. "మూడెందుకు... గుంటలున్నాయి. రెండు చాలు."

రెండుకు దించాను. కళ్ళు కనబడలేదు, అయినా నంబరు చూశాను.

అంబులెన్సు అప్పటికే వచ్చి ఉంది. గవ్రిల గుండె పగిలేలా ఎక్కి ఉంటాడు. డాక్టరమ్మ సూది వేస్తూ, "నడిపించకుండా, కుదపకుండా తెచ్చారు, మంచి పని చేశారు. ఎవరు నడిపారు?" అంది. నేనే అన్నాను. నా పాంటు తొడల దాకా తడిసి ఉంది, అది చూసి ఒక దుప్పటి ఇచ్చింది.

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ పదకొండు రోజులూ నేను చీజు దించాను, పిండి ఎక్కించాను, దడికి ఒక్కసారి కూడా తగల్లేదు. గవ్రిల నాకు ఊర్ద పెట్టి పక్కన కూర్చునేవాడు. తను తినేవాడు కాదు. "అది వచ్చాక తింటాలే," అనేవాడు.

వచ్చిన రోజు మిల్లు దగ్గరికి వెళ్ళాను. దాని చెయ్యి ఇంకా పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంది. బొటనవేలు వంగడం లేదు. అయినా నన్ను వెనక్కి జరగమని ముందు సీట్లో కూర్చుంది.

"బటన్లు ఎలా నొక్కుతావు?"

"నువ్వు నొక్కు. పెట్రోలు నాది, గేరు నీది. నేను వేలు తీసి 'ఊ' అంటాను."

మొదటిసారి నేను ముందే నొక్కాను, రెండోసారి అది ఆలస్యంగా తీసింది. ఇద్దరం ఎగిరిపడ్డాం. "కర్ర ఎవరి చేతిలో ఉండాలో తెలీడం లేదు," అంది. ఏరు దాటేసరికి కుదిరింది. ఊ అనడం, నొక్కడం, ఊ అనడం, నొక్కడం.

ఎర్ర దిగుడు పైకి ఎక్కాక ఆయాసం తీర్చుకోవడానికి బండి ఆపింది. ఇంజను కూడా ఆపింది. అప్పుడు చెప్పాను.

"నువ్వు నేర్పబట్టే దించగలిగాను. తిట్టి, కొట్టి, పస్తు పెట్టి నేర్పావు. నీ మేలు మరిచిపోను తల్లీ."

అది వెనక్కి తిరిగింది.

"రెండు వారాలు నాతో మాట్లాడలేదు, గుర్తుందా?"

"అది వేరే."

"ఇంకోసారి చెప్పు. ఇందాక సరిగ్గా వినపడలేదు."

"వినపడింది నీకు."

"వినపడింది," అంది. కుడి చేత్తో కళ్ళు తుడుచుకుని, ఇంజను వేసి, వేలు పైకెత్తి పట్టుకుని, "ఊ," అంది.