అమ్మ పెట్టిన సుద్ద గుర్తులు

మా నాన్న పడవల రిపేరు షెడ్డు పెట్టి ముప్పయ్యేళ్లు. ఆ షెడ్డులో చేతులు నాన్నవి, చెవులు అమ్మవి.

ఫైబర్ పడవ ఒక పెద్ద మాయలాడి. పైకి నున్నగా మెరుస్తూ ఉంటుంది. లోపల పొరలు విడిపోయి నీళ్లు తాగుతున్నా కిమ్మనదు. దానిచేత నిజం కక్కించాలంటే చిన్న సుత్తి పట్టుకుని బెత్తెడు బెత్తెడు దూరంలో కొట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది. కుళ్లినచోట తడి గోనెసంచిని కొట్టినట్టు దబ్బుమంటుంది. ఆ రెండింటి నడుమా ఇంకో పది రకాల చప్పుళ్లున్నాయట, అవి అమ్మకే తెలుసు. అనుమానం ఉన్నచోట సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టేది. గుర్తు ఉన్నచోట నాన్న కోసేవాడు, లేనిచోట వేలు కూడా పెట్టేవాడు కాదు. పడవలవాళ్లు ఆవిణ్ణి డాక్టరమ్మ అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు వినగానే అమ్మ కొంగు సర్దుకుని కాస్త నిటారుగా నిలబడేది.

అమ్మకి అరవై నిండిన ఏడు ఒకరోజు అన్నం తింటూ అంది. "ఇన్ని పడవలు నా చేతిమీదుగా నీళ్లలోకి దిగాయి. ఒక్కదాన్లోనైనా నేను కూర్చున్నానా?"

నాన్న ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయాడు. షెడ్డు వెనక పదకొండేళ్లుగా బోర్లాపడి ఉన్న పడవ ఒకటి ఉంది. దాని యజమాని మకాం మార్చేస్తూ, "మీరే ఉంచుకోండి" అని వదిలేసి పోయాడు. దానిమీద మేం బట్టలారేసుకునేవాళ్లం.

అలా మొదలైంది పని. ఆదివారం వచ్చిందంటే నాన్న, అమ్మ, నేను, బస్సు డ్రైవరైన మా ఆయన, నలుగురం దాని చుట్టూనే ఉండేవాళ్లం. మొదటిరోజు అమ్మ సుత్తి తీసుకుని పడవ చుట్టూ తిరగడానికి మూడు గంటలు పట్టింది.

"ఏమే, పుచ్చకాయ బేరమాడుతున్నావా?" అన్నాడు నాన్న.

అమ్మ పెద్దగా నవ్వింది. ఈమధ్య ఎవరేమన్నా అమ్మ ముందు నవ్వేస్తోంది. మొన్న పక్కింటావిడ తన కోడలికి జ్వరమని చెప్పినా నవ్వింది. కుక్కర్ కూతలు లెక్కపెట్టడం మానేసి గడియారం వంక చూస్తూ నిలబడుతోంది. నేను చూస్తూనే ఉన్నాను. చూసి, వయసు కదా అనుకుని ఊరుకున్నాను.

ఏడు చోట్ల గుర్తులు పెట్టింది. వెనక పలక దగ్గర రెండుసార్లు కొట్టి, అరచేత్తో నిమిరి, "ఇది ఉక్కు" అంది. ఇంజన్ తగిలించేది ఆ పలకకే. లోపల ప్లైవుడ్, పైన ఫైబర్ పొర. పడవకి అదే నడుము.

మరుసటి ఆదివారం మొదటి గుర్తు దగ్గర నాన్న గ్రైండర్ పెట్టాడు. గాజుపీచు దుమ్ము లేచి మా ఆయన మెడా చేతులూ గోక్కోవడం మొదలుపెట్టాడు. "మావయ్యా, కట్నం ఇవ్వలేదు సరే, ఈ దురద మాత్రం దండిగా ఇచ్చారు" అన్నాడు. అందరం నవ్వాం. పొర లేచాక చూస్తే లోపల పొడిగా, తెల్లగా, కొబ్బరిముక్కలా ఉంది. ఎక్కడా చెమ్మ లేదు.

"మావయ్యా, ఇది బాగానే ఉందిగా?"

"ఆవిడ గుర్తు పెట్టింది కదయ్యా" అన్నాడు నాన్న. కోయాల్సినంత మేరా కోశాడు. రెజిన్ జిగురులో అది గట్టిపడటానికి హార్డెనర్ కలిపి, గాజుపీచు మ్యాట్ ముక్క పరిచి, బ్రష్‌తో గాలిబుడగలు తరిమి, మళ్లీ పూడ్చాడు. రెండో గుర్తూ అంతే, మూడోదీ అంతే. ఏడు చోట్లా మంచి ఒంటికి కోత పెట్టి కుట్టేశాం. నేను నోరు తెరవబోయినప్పుడల్లా నాన్న నా వంక ఒక చూపు చూసేవాడు. అమ్మ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, "అక్కడ ఇంకో పొర వెయ్యండి" అంటూ పురమాయించేది.

ఇంజన్ బోల్టుల కోసం వెనక పలకకి చిల్లు పెట్టిన రోజు అమ్మ వంటింట్లో ఉంది. డ్రిల్లు అడ్డూ ఆపూ లేకుండా దిగిపోయింది. బయటికి లాగితే దాని మరలనిండా నల్లటి ముద్ద, వాడేసిన టీపొడిలా. చిల్లులోంచి గోధుమరంగు నీళ్లు కారాయి.

"ఇంజన్ ఎక్కించి ఉంటేనా, నడి నీళ్లలో పలకతో సహా ఊడి పోయేది" అన్నాడు మా ఆయన.

నాన్న ముందే ఊహించినవాడిలా ఆ నీళ్లని గుడ్డతో తుడిచాడు. "మీ అమ్మకి చెప్పకండి."

"నాన్నా, అమ్మకి వినబడటంలేదు. డాక్టరుకి చూపిద్దాం."

"చెప్పొద్దన్నాను."

వేరే ఊళ్లో ఉన్న అక్కకి ఫోన్ చేసి, పిల్లలు అమ్మమ్మ కావాలంటున్నారని చెప్పించి, అమ్మని నాలుగు రోజులు అక్కడికి పంపించాం. ఆ నాలుగు రోజుల్లో పలక మొత్తం కోసి తీశాం. కొత్త ప్లైవుడ్ పెట్టి మూడు పొరలు వేసి, సానబట్టి, పాత రంగుకి సరిపడేలా రంగు కొట్టాం. కుళ్లిన చెక్క ముక్కల్ని షెడ్డు మూలన పట్టా కింద దాచాం. ముప్పయ్యేళ్లలో నాన్న అంత దొంగపని చేసింది అదేనేమో.

అమ్మ చెవులతో సంసారం చేసిన మాకు ఆవిడకి ముక్కు కూడా ఉందన్న సంగతి తట్టలేదు. బస్సు దిగి చేతిసంచీతోనే నేరుగా షెడ్డులోకి వచ్చింది. రెజిన్ వాసన ఇంకా పోలేదు. ఆ ఘాటు పట్టుకుని వెనక పలక దగ్గరికి నడిచింది. తాకి చూసింది. తరవాత షెడ్డంతా కలియజూసి, పట్టా ఎత్తింది. ఒక ముక్క తీసుకుని వేళ్లతో నలిపితే నానిన బిస్కెట్టులా విడిపోయింది.

"ఇది నేను ఉక్కన్నదేనా?"

నాన్న తలూపాడు.

"మరి నేను గుర్తు పెట్టినవి?"

నాన్న ఆవిడ ముందుకొచ్చి, పెదాలు కనబడేలా నెమ్మదిగా అన్నాడు. "బాగానే ఉన్నాయి."

"బాగున్నవి కోశారా? ఏడూ?"

"నువ్వు పెట్టావుగా."

అమ్మ చేతిలోని ముక్కని కింద పడేయలేదు. "మీకెప్పటినుంచి తెలుసు?"

నాన్న చెప్పకపోయినా పోయేది. ఇన్నేళ్లు కాపురం చేసినవాడు కదా, అబద్ధానికి నోరు రాలేదు. "పోయినేడు ఎండాకాలం నుంచి."

"అంటే ఏడాదిగా నేను చూసిన పడవలన్నీ…"

"నువ్వు ఇంట్లోకి వెళ్లాక మళ్లీ చూసుకునేవాణ్ణి."

అమ్మ మొహంలో ఏదో జారిపోవడం నేను చూశాను. ఏడాదిగా ఎవరెవరు డాక్టరమ్మ అన్నారో, తను ఎన్నిసార్లు కొంగు సర్దుకుని నిటారుగా నిలబడిందో, అవన్నీ ఒక్కొక్కటే లెక్కకొచ్చినట్టున్నాయి.

"నేను సిగ్గుకి దాచాను" అంది. "మీకేం సిగ్గు? మీరెందుకు దాచారు?"

"చెబితే షెడ్డుకి రావడం మానేస్తావని."

అమ్మ పోట్లాడి ఉంటే బాగుండేది. చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్లి అన్నం వండింది. మర్నాడు షెడ్డుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాన్న వరసగా మూడు పూటలు స్టూలు తీసుకొచ్చి పెట్టి, నాలుగో పూట దాన్ని గోడవారకి జరిపాడు. చెవి డాక్టరు దగ్గరికి మాత్రం నాతో వచ్చింది. ఆయన మెషీన్ ఇచ్చాడు. మనుషుల మాటలకి పనికొస్తుందనీ, సన్నని చప్పుళ్ల తేడా మాత్రం ఇక రాదనీ చెప్పాడు. ఆ మాట కాగితం మీద రాసిమ్మని అమ్మే అడిగి, చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుంది.

పడవని నీళ్లలోకి దించిన రోజు అమ్మ వస్తుందనుకోలేదు. వచ్చింది. చెప్పులు ఒడ్డున విడిచి, ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కి, అన్నిటికన్నా ముందున్న బల్లమీద మా వైపు వీపు పెట్టి కూర్చుంది. చెవిలో మెషీన్ లేదు. నాన్న తాడు లాగితే ఇంజన్ అందుకుంది. కొంతదూరం పోయాక అలవాటు చొప్పున, "ఏమే, మోత ఎలా ఉంది?" అని కేకేశాడు.

ముందు కూర్చున్న వీపు కదల్లేదు.

"అమ్మా!" అన్నాను నేను, లేచి భుజం తట్టబోతూ.

"కూర్చోవే. పిలవకు" అన్నాడు నాన్న.

ఏడు అతుకుల్లోంచీ, కొత్త పలకలోంచీ ఒక్క చుక్క నీరు లోపలికి రాలేదు. నాన్న మాత్రం తిరిగి ఒడ్డు చేరేదాకా తల వంచుకుని, ఆ పొడి అడుగు వంకే చూస్తూ కూర్చున్నాడు.