ఐదో వంతు కదలికలు

టీ వడకడుతున్నా పూర్ణిమ చెవి మీద పెన్సిలు అలాగే ఉంది. ఆదివారం ఆమెకు రెండు ఉద్యోగాలు, రెంటికీ జీతం లేదు.

హాల్లో బల్ల మీద గళ్ళు గీసిన పల్నాడు పటం పరిచి, భర్త ప్రవీణ్ తన కాలేజీ లెక్చరర్లతో యుద్ధం ఆట ఆడతాడు. ఎదుటివాళ్ళకు కనపడకుండా దాచిన దళాలను ఏ గడికి జరిపారో చీటీ రాసి పూర్ణిమకిస్తారు. ఆమె దాన్ని తన దగ్గరున్న రెండో పటం మీద గీసి, నోటుపుస్తకంలో వంతుల వారీగా రాయాలి. ఇద్దరి గుట్టూ తెలిసింది ఆమె ఒక్కదానికే. "దానికి ఆట తెలవదులే, గీతలు గీస్తది," అని ప్రవీణ్ అందరికీ చెప్పి నవ్వుతాడు. ఆరేళ్ళుగా ఆమె కూడా నవ్వుతూనే ఉంది.

ఈవేళ ఎదుటి కుర్చీలో కాలేజీలో కొత్తగా చేరిన షాహిస్తా కూర్చుంది. మొదటి చీటీ ఇస్తూనే, "అక్కా, నా గుర్రాలు మీ చేతిలో ఉన్నయ్, జాగర్త," అంది. అంత నమ్మకంగా ఈ ఇంట్లో పూర్ణిమకు బీరువా తాళం కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఐదో వంతులో ప్రవీణ్ మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చాడు.

"ఆ పిల్ల గుర్రాలు యాడ దాచిందే?"

"నాగులేరు అవతల, అడవి గడిలో."

ఓడితే వారం రోజులు మొహం ముడుచుకుంటాడు కదా, అందుకే చెప్పానని సర్దిచెప్పుకోబోయింది. కుదరలేదు. అతను బెదిరించలేదు, బతిమాలలేదు. అడిగాడు, చెప్పింది. పెళ్ళాం అంటే ఇంతేనా, అడిగిన వస్తువు అందించినట్టు ఇంకొకరి నమ్మకం కూడా అందించెయ్యడమేనా?

ఆమె టీ కప్పులతో హాల్లోకి వచ్చేసరికి ప్రవీణ్ ఆ గుర్రాలను చుట్టుముట్టేశాడు.

"భలే కనిపెట్టారు సార్! నాకే చేతకాలా," అంది షాహిస్తా, తప్పంతా తనదే అయినట్టు.

"ఆడపిల్లలకి పటం అంత తేలిగ్గా బుర్రకెక్కదమ్మా," అన్నాడు ప్రవీణ్. "ఏమే, రాశావా?"

"రాస్తన్నా."

పూర్ణిమ పెన్సిలు పక్కన పడేసి అతని జేబులోని పెన్ను లాక్కుంది. చెరపడానికి వీల్లేకుండా రాసి, పుస్తకం షాహిస్తా వైపు తిప్పి, తనే గట్టిగా చదివింది.

"ఐదో వంతు. ప్రవీణ్: హాల్లోంచి వంటింట్లోకి. గుర్రాలెక్కడని అడిగాడు. పూర్ణిమ: ఉన్నచోటు నుంచి కదల్లేదు. చెప్పేసింది."